మడమలు చూశావా?

సూర్యారావుపేటలో నా ఓపీకి వచ్చే పెద్దవాళ్ళలో చాలామందిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది కొడుకులూ కోడళ్ళూ కాదు, ఏజెన్సీ పంపిన అమ్మాయిలు. కొడుకు డల్లస్ నుంచో న్యూజెర్సీ నుంచో వీడియో కాల్‌లో ఉంటాడు. మనకు పొద్దున పదయితే అక్కడ అర్ధరాత్రి కావస్తూ ఉంటుంది. పాపం, నిద్ర ఆపుకుని కూర్చుంటాడు. షుగర్ ఎంతుంది, క్రియాటినిన్ ఎందుకు పెరిగింది, ఈ మాత్ర ఇంకా అవసరమా అని అడుగుతాడు. అన్నీ అడగాల్సినవే. రాత్రి ఆ పెద్దాయన ఎన్నిసార్లు లేచాడో, ఏ ముద్దకు పొలమారిందో తెలిసిన మనిషి మాత్రం ఫైలు పట్టుకుని గోడవారగా నిలబడి ఉంటుంది. ఆమెను నేను ఏదైనా అడిగినా జవాబు ఫోన్లోంచే వస్తుంది.

పటమటలో ఒక మాస్టారు ఉన్నారు. లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరి, పైగా పార్కిన్సన్స్. చింతూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఆయన్ని చూసుకునేది. పదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల. ఒకసారి చెకప్పుకి వచ్చినప్పుడు కొడుకు లైను కట్టయింది. ఆ సందులో ఆమె మెల్లగా అంది: "మాత్ర ముందేసి, కాసేపాగి టిఫిను పెడితే నడుస్తారండీ. తిన్నాక వేస్తే ఆ పూటంతా బిగుసుకుపోతారు. పెసరట్టు తిన్న రోజైతే మరీనండీ."

లెవోడోపా గురించి మా పుస్తకాలు చెప్పేదీ అదే. పప్పులు, పాలు, గుడ్లలోని ప్రొటీన్‌తో ఆ మందుకు పేగుల దగ్గరా పోటీయే, మెదడులోకి వెళ్ళే దారిలోనూ పోటీయే. అందుకే జబ్బు ముదిరినవాళ్ళకు తిండికి కనీసం అరగంట ముందు వేయమంటాం. ఆ పిల్లకు ప్రొటీన్ సంగతి తెలియదు, మాస్టారి నడక తెలుసు. నేను చీటీలో మాత్రల వేళలు మార్చి రాశాను. ఫ్రిజ్ మీద అంటించిన చార్టు మాత్రం మారలేదు. అది డల్లస్‌లో తయారైన చార్టు, ఎప్పటిదో డిశ్చార్జి కాగితం చూసి అన్ని మాత్రలకూ కలిపి 'భోజనం తర్వాత' అని వేసింది.

ఆ ఇంట్లో హాల్లోనూ గదిలోనూ కెమెరాలున్నాయి. మధ్యాహ్నం పూట ఆమె సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండటం కొడుక్కి వాటిలో కనపడింది. రాత్రి రెండింటికి ఆయన్ని బాత్రూములో పట్టుకుని నిలబడటం కనపడలేదు, అక్కడ కెమెరా పెట్టరు కదా. ఆమెను మాన్పించి జీఎన్ఎం చదివిన నర్సును పెట్టారు. జీతం చాలా ఎక్కువ. ఆ నర్సునూ అనడానికి లేదు, గోడ మీద ఉన్నట్టే వేసింది. నెల తిరక్కముందే మాస్టారికి ఒళ్ళు బిగిసి, మింగడం కష్టమై, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియాతో చేరారు. గట్టెక్కారు. కొడుకు హడావిడిగా వచ్చాడు. మంచివాడే, తండ్రంటే ప్రాణం. జరిగింది విన్నాక పాత అమ్మాయి కోసం వాకబు చేశాడు కూడా. అప్పటికే ఆమె గన్నవరంలో ఇంకో ఇంట్లో కుదిరిపోయింది.

విదేశాల నుంచి మనిషిని కుదిర్చేవాళ్ళు నన్ను మొదట అడిగేది సర్టిఫికెట్ గురించి. రెండోది నమ్మకం గురించి, అంటే బీరువా తాళాల గురించి. ఆమె నిద్ర గురించి ఒక్కరూ అడగరు. మంచం మీద ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని మేం రాస్తాం. '24 గంటల మనిషి' అని ఏజెన్సీ ఒక్కరినే పంపుతుంది. ఆ ఒక్కరే వండాలి, ఉతకాలి, డైపర్ మార్చాలి, రాత్రంతా తిప్పాలి. ఇది ఏ ఒంటికీ సాధ్యం కాని డ్యూటీ. "మీ ఆఫీసులో రాత్రీ పగలూ సపోర్టుకి ఒక్కడినే వేస్తారా?" అని ఒక ఐటీ అబ్బాయిని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత రాత్రికి ఇంకొకరిని పెట్టాడు. ఖర్చు పెరిగింది, నిజమే. ఏజెన్సీకి మీరు కట్టే దాంట్లో ఆమె చేతికి ఎంత వస్తోందో కూడా కనుక్కోమంటాను. చెప్పడానికి ఇష్టపడని ఏజెన్సీలు ఉన్నాయి.

ఈ విషయంలో నాకు తెలిసినవాళ్ళలో అందరికంటే తెలివిగా మనిషిని పెట్టుకున్నది అమెరికా వాళ్ళెవరూ కాదు. రాజంపేట వైపు ఆవిడ, కువైట్‌లో ఇంటి పనికి వెళ్ళింది. కడప, రాయచోటి వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఆడవాళ్ళు అలా వెళ్ళడం ఏనాటి నుంచో ఉన్నదే. అక్కడ ఆమెకు అప్పజెప్పిన పని మంచాన పడ్డ ఒక ముసలావిడను చూసుకోవడం. ఆస్పత్రి నర్సుల దగ్గర చూసి చూసి నేర్చుకుంది. ఇంతలో ఊళ్ళో తన తల్లికి పక్షవాతం వచ్చింది. ఆమె కూడా విదేశం నుంచే మనిషిని కుదిర్చింది. పక్కింటామెకు నెలనెలా డబ్బు పంపేది.

తర్వాత కువైట్ వదిలేసి విజయవాడ వచ్చి, మొగల్రాజపురంలో ఒక మామ్మగారి దగ్గర చేరింది. అలా నాకు తెలిసింది. పక్కింటామెను ఫోన్లో ఏం అడిగేదానివమ్మా అంటే చెప్పింది: "మడమలు చూసినావా అని అడిగేదాన్ని సార్. నడుం కింద ఎర్రగుందా, ఏలితో నొక్కితే తెల్లగైతాందా లేదా? దొడ్డికి పోయి ఎన్ని దినాలైంది? ఒంటికి పోతే రంగెట్లుంది? తిన్నాదా అని అడిగితే తిన్నాదనే చెప్తారు కదా సార్."

ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్ళీ రంగు రావాలి. ఎంత నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే, పైచర్మం బాగానే కనపడినా సరే. ఆ దశలో ఆ భాగం మీద బరువు పడకుండా చూసుకుంటే మానిపోతుంది. వారం ఆలస్యమైతే ఎముక కనపడేదాకా పోవచ్చు. ఎయిర్ బెడ్ కొని పంపాం కదా అంటారు పిల్లలు. ఎయిర్ బెడ్ వేసినా తిప్పడం తప్పదు.

మలమూత్రాల ప్రశ్నలూ అంతే. "అమ్మ ఉన్నట్టుండి ఏవేవో మాట్లాడుతోంది, డిమెన్షియానా అంకుల్?" అని ఫోన్లు వస్తుంటాయి. డిమెన్షియా నాలుగు రోజుల్లో రాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అయినా, మలబద్ధకమైనా, బీపీ మాత్ర వల్ల సోడియం పడిపోయినా పెద్దవాళ్ళకు మనసు చెదిరిపోతుంది. కారణం పట్టుకుని సరిచేస్తే చాలామంది తేరుకుంటారు. పట్టుకోవడానికి నాకు కావలసింది ఎప్పటి నుంచి అన్న ఒక్క మాట. అది స్కానింగులో దొరకదు. "మొన్న శుక్రవారం దాకా బాగానే ఉన్నారండీ, శనివారం పొద్దున నన్ను వాళ్ళ చెల్లెలనుకున్నారు" అని చెప్పగలిగేది పక్కన పడుకున్న మనిషే.

ఆ మొగల్రాజపురం మామ్మగారిని అమెరికాకు తీసుకెళ్ళిపోదామని న్యూజెర్సీలో ఉన్న కూతురు ఒక దశలో చాలా ప్రయత్నించింది. గ్రీన్ కార్డు తెప్పించవచ్చు. పగలు ఎవరు చూస్తారన్నదే చిక్కు. అక్కడ గ్రీన్ కార్డు మీద వెళ్ళిన పెద్దవాళ్ళకు ఐదేళ్ళు వరసగా ఉంటే గాని మెడికేర్ కొనుక్కునే వీలుండదు. వచ్చినా అది రోజువారీ స్నానపానాలు చూసే మనిషికి డబ్బివ్వదు. "ఈమెనే విజిటర్ వీసా మీద వెంట తీసుకొస్తే?" అని అడిగింది. వాళ్ళ లాయరు కుదరదన్నాడట. ఆ ఆలోచన అక్కడితో ఆగింది. దానికి బదులు నేను చెప్పిన పని ఒకటి చేసింది: నాలుగు వీధుల అవతల ఉన్న మేనమామ కొడుకు చేతిలో కొంత డబ్బు పెట్టి, రాత్రి ఏదైనా అయితే ఆస్పత్రిలో చేర్చే నిర్ణయం అతనిదేనని కాగితం రాసిచ్చింది. మనిషిని పెట్టినవాళ్ళు చాలామంది ఇది మర్చిపోతారు. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆ పనిమనిషికి అంబులెన్స్ పిలిచే ధైర్యం ఎక్కడిది? అడ్వాన్సు ఎవరు కట్టాలి?

మామ్మగారు రెండేళ్ళకు పైగా మంచం మీదే ఉండి, కిందటి చలికాలంలో పోయారు. కూతురు వచ్చి కర్మలు జరిపించి వెళ్ళింది. తర్వాత ఆ రాజంపేట ఆవిడ నా దగ్గరికొచ్చి, "ఇంకోతావ చేరాల సార్, ఒక కాగితం రాసీయండి" అంది. నా లెటర్‌హెడ్ మీద, ఈమె చూసుకున్నంత కాలం మంచాన ఉన్న రోగికి ఒక్క పుండు కూడా పడలేదని రాసి, కింద నా నంబరు వేశాను. ఆ కాగితం చూసి ఒకాయన సిడ్నీ నుంచి ఫోన్ చేశాడు. నమ్మకస్థురాలేనా అన్నాడు. అవునన్నాను. వంట చేస్తుందా, మాంసం వండుతుందా అన్నాడు. అది ఆమెనే అడగమన్నాను.