మబ్బులో దాచిన పలక

వర్గల్‌ సరస్వతి గుడిలో మనవరాలికి అక్షరాభ్యాసం. చిట్టి చేయి పట్టుకుని తాత పలకపై ఓనమాలు దిద్దించాడు. నాన్న సెల్‌ఫోన్లో ఫొటో తీశాడు. ఏడాది తిరక్కుండానే తాత పోయాడు. ఆపై ఫోనూ బస్సులో పోయింది. ఇంటిల్లిపాదికీ దిగులు. కొత్త ఫోన్లో పాత పాస్‌వర్డ్‌ కొట్టగానే... తాత నవ్వుతూ ప్రత్యక్షం!

అదే క్లౌడ్‌. పేరుకే మబ్బు, ఉండేది నేలమీది కంప్యూటర్లలో. అమెజాన్‌ హైదరాబాద్‌ క్లౌడ్‌ కేంద్రాలు 2022 నవంబరులో మొదలయ్యాయి. అంతా అద్దె వ్యవహారమే. ఉత్త కంప్యూటర్లు తీసుకుంటే ఐయాస్‌... ఖాళీ గది. ప్రోగ్రాములు రాసే ఏర్పాట్లూ ఉంటే ప్యాస్‌... పొయ్యి ఉన్న వంటిల్లు. మెయిల్‌, ఫొటోల్లా నేరుగా వాడుకునేది సాస్‌... వడ్డించిన విస్తరి. తాళంచెవి పాస్‌వర్డే. అది మరిస్తే కష్టమే.

అందుకే ఆ ఇంట్లో ఫొటో మబ్బులో ఒకటి, గోడమీద ఒకటి!