లారీ ఎక్కని ఆస్తి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో అందరికన్నా గొప్ప ఆటగాడెవరని అడిగితే చాలు, ఎంతటి మితభాషి అయినా గొంతు సవరించుకుంటాడు. ఏడు సూపర్ బౌల్ ఫైనళ్లు గెలిచిన టామ్ బ్రేడీ ఉండగా ఇంకా ఈ ప్రశ్నేమిటంటాడు ఒకాయన. ఆడిన నాలుగు సూపర్ బౌల్‌లూ గెలిచిన జో మోంటానా తప్ప ఇంకొకరు ఆనరు మరొకాయనకు. తొమ్మిదేళ్లు ఆడి, అందులో ఎనిమిదేళ్లు పరుగులో అందరికన్నా ముందు నిలిచి, ముప్పయ్యో ఏట ఆట వదిలేసి సినిమాల్లోకి వెళ్లిపోయిన జిమ్ బ్రౌన్ ముందు వీళ్లంతా ఏపాటి అంటాడు మూడో ఆయన. ఎన్టీఆరా ఏఎన్నారా అంటూ రాత్రిళ్లు తెల్లవార్చిన వాళ్లం, ఈ గోల మనకు కొత్తేం కాదు.

ఈ తగవు తేలాలని నాకేం లేదు. నా ముచ్చటంతా తగవుపడే వాళ్ల మీదే. అందులోనూ బాల్టిమోర్ వాళ్లంటే మరీ ఇష్టం.

అక్కడి పాతకాపులది ఒకటే మాట: జానీ యునైటస్. 1955లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఒక్క ఆటైనా ఆడించకుండా ఇంటికి పంపేసిన కుర్రాడు. పొట్టకూటికి కూలిపని చేసుకుంటూ, ఆటకు ఆరు డాలర్ల చొప్పున చిన్నా చితకా జట్టులో ఆడాడు. మరుసటి ఏడు బాల్టిమోర్ కోల్ట్స్ పిలిచింది. 1958 డిసెంబరు 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో చాంపియన్‌షిప్ ఆట. ప్రత్యర్థి జెయింట్స్ మూడు పాయింట్లు ముందున్నారు, గడియారంలో రెండు నిమిషాలు కూడా లేవు. యునైటస్ రేమండ్ బెర్రీకి వరసగా మూడు పాస్‌లు వేశాడు. ఏడు సెకన్లు మిగిలుండగా స్కోరు సమమైంది. అదనపు సమయంలో కోల్ట్స్ 23–17తో గెలిచింది. ఫుట్‌బాల్ అమెరికా ఇళ్లలోకి టీవీ ద్వారా చొరబడింది ఆ సాయంత్రమేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

లెక్కలు తీస్తే యునైటస్ ఎప్పుడో వెనకబడ్డాడు. ఆయన పాస్‌లన్నీ కలిపి 40,239 గజాలు, బ్రేడీవి 89,214. వరసగా 47 ఆటల్లో టచ్‌డౌన్ పాస్ వేసిన రికార్డు యాభై ఏళ్లకు పైగా నిలిచి, 2012లో డ్రూ బ్రీస్ చేతిలో పోయింది. యునైటస్ తొలినాళ్లలో సీజన్‌కు పన్నెండే ఆటలు, ఇప్పుడు పదిహేడు. పైగా బంతి అందుకోవడానికి పరుగెత్తేవాణ్ణి అప్పట్లో దారంతా తోసి కుమ్మేవాళ్లు. 1978లో నిబంధనలు మారాకే పాస్ వేసేవాడికి ఊపిరాడింది. ఇదంతా బాల్టిమోర్ ముసలాయనకు తెలుసు. కానీ మీరు అడిగితే ఆయన అంకెలు చెప్పడు. పొట్టిగా కత్తిరించిన జుట్టు, చీలమండలు దాటిన నల్ల బూట్లు, మీద పడుతున్న మనుషుల్ని పట్టించుకోకుండా చివరి క్షణం దాకా బంతి వదలని ఆ మొండితనం, ఇవి చెబుతాడు.

అంకెల్ని నమ్ముకోకపోవడమే మంచిదైంది. 1984 మార్చిలో ఒక రాత్రి జట్టు యజమాని లారీలు రప్పించి, సామానంతా కట్టించి, తెల్లారేసరికి కోల్ట్స్‌ను ఇండియానాపొలిస్‌కు తరలించేశాడు. జట్టుతోపాటు పేరు పోయింది, చరిత్ర పోయింది. యునైటస్ రికార్డులు కూడా ఆయన ఒక్కనాడూ ఆడని ఇండియానాపొలిస్ ఖాతాలోకి వెళ్లిపోయాయి. నాకూ ఆ జట్టుకూ సంబంధం లేదని ఆయన బతికున్నంత కాలం చెబుతూనే వచ్చాడు.

పోనిది జట్టు బ్యాండు మేళం. వాళ్ల యూనిఫాంలు ఆ రాత్రి డ్రై క్లీనింగ్ దుకాణంలో ఉండిపోయాయి. జట్టు లేకపోయినా ఆ మేళం పన్నెండేళ్లు కోల్ట్స్ పేరుతోనే వాయించుకుంటూ తిరిగింది. పెళ్లికొడుకు లేని ఊరేగింపని నవ్విన వాళ్లూ ఉండే ఉంటారు.

1996లో బాల్టిమోర్‌కు మళ్లీ జట్టొచ్చింది. ఎలాగంటారా? క్లీవ్‌లాండ్ నుంచి బ్రౌన్స్ జట్టును లేపుకొచ్చి, రేవెన్స్ అని పేరుపెట్టారు. తమకు జరిగిన అన్యాయమే మరో ఊరికి జరిగితే బాల్టిమోర్ జనం మొహమాటపడుతూనే చప్పట్లు కొట్టారు. అయితే క్లీవ్‌లాండ్ వాళ్లు తెలివైనవాళ్లు. కోర్టుకెక్కి గొడవపెట్టి పేరూ, రంగులూ, రికార్డులూ తమ ఊళ్లోనే ఉండేలా ఒప్పందం రాయించుకున్నారు. జిమ్ బ్రౌన్ పరుగెత్తిన 12,312 గజాలు గడప దాటలేదు. 1999లో కొత్త జట్టు వచ్చి ఆ పద్దు మీదే కూర్చుంది. బాల్టిమోర్‌కు అలాంటి కాగితం దొరకలేదు. అందుకే కాబోలు, రేవెన్స్ స్టేడియం ముందు యునైటస్ విగ్రహం నిలబెట్టుకుంది. ఆయన రేవెన్స్‌కు ఒక్క పాస్ వేసినవాడు కాదు. ఆ సంగతి అక్కడెవరికీ పట్టింపు లేదు.

అభిమానుల జ్ఞాపకశక్తిని ఇంత మెచ్చుకున్నాక ఇంకో మాట కూడా చెప్పాలి. యునైటస్ పాస్ అందుకుని సూపర్ బౌల్‌లో 75 గజాల టచ్‌డౌన్ చేసిన జాన్ మాకీకి వయసు మళ్లాక మతి తప్పింది. మీదపడ్డవాళ్లను విదిలించుకుంటూ ఆయన తీసిన పరుగులు ఊరంతటికీ గుర్తే, ఆయనకు తప్ప. యునైటస్ కుడిచెయ్యి కూడా చివరికి బంతి పట్టలేని స్థితికొచ్చింది. మనం కేకలు వేసిన ఆ దెబ్బలే వాళ్ల ఒళ్లు గుల్లచేశాయి. మాకీ భార్య పోరాటం వల్ల 2007లో లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి మతిమరుపు బారినపడ్డ మాజీ ఆటగాళ్ల సంరక్షణకు ఒక పథకం పెట్టాయి. అప్పట్లో ఏడాదికి గరిష్ఠంగా 88,000 డాలర్లు. మాకీ జెర్సీ నెంబరు 88.

గొప్పవాళ్ల జాబితా రాసేవాళ్లు టచ్‌డౌన్‌లు, గజాలు, ఉంగరాలు లెక్కపెట్టుకోవచ్చు, అది వాళ్ల సరదా. ఆ లెక్కల పక్కన ఈ 88 కూడా వేస్తేనే పద్దు సరిపోతుంది.