చక్రాల పట్టణం ఖరగ్‌పూర్

హౌరా నుండి సుమారు 115 కిలోమీటర్ల దూరాన ఉన్న ఖరగ్‌పూర్ పేరు వినగానే చాలామందికి 1072 మీటర్ల పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందిన దానిని 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి మించిపోయాయి. అయితే ఊరిలోకి అడుగు పెట్టినవారి దృష్టిని ఆకర్షించేది రైలు ఒక్కటే కాదు, సైకిలు కూడా.

1900లో బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం హౌరాతో కలిసింది. ఆ రైల్వే నెలకొల్పిన కర్మాగారం అడవి అంచున ఒక పట్టణాన్నే సృష్టించింది. అదే రైల్వే మార్గం వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి తెలుగువారు పొట్ట చేతబట్టుకొని తరలివచ్చారు. నేటికీ నింపురా, మథురాకాటి వీధులలో తెలుగు మాట వినబడుతుంది.

ఆ బతుకు సులభంగా సాగలేదు. 1927లో ఇక్కడి కార్మికులు రెండు పర్యాయాలు పోరాటానికి దిగారు. రెండవ పర్యాయం వారిని కదిలించినది ఉద్యోగాల తొలగింపు. ఆ రైల్వే కార్మికోద్యమానికి సారథ్యం వహించిన వి.వి. గిరి తరువాతి కాలంలో భారత రాష్ట్రపతి అయ్యారు.

పట్టణానికి మరొక ముఖం హిజ్లీ. 1931 సెప్టెంబరు 16న అక్కడి నిర్బంధ శిబిరంలో జరిగిన కాల్పులలో ఇద్దరు ఖైదీలు అసువులు బాశారు. ఆ భవనంలోనే 1951లో దేశపు తొలి ఐ.ఐ.టి. వెలసింది. దాని చెట్ల నీడలలో నేడు విద్యార్థుల సైకిళ్ళు బారులు తీరుతాయి. కర్మాగారపు కార్మికునికీ, కాబోయే ఇంజనీరుకూ వాహనం ఒక్కటే!

సైకిలు ఆధునిక చిత్రకారులనూ ఆకర్షించింది. 1912లో జాన్ మెట్సింజే రంగులలో ఇసుక కలిపి ఒక సైకిలు పందెగాని చిత్రించాడు. ఆ పందెగాని ముఖం పారదర్శకం. అందులోనుండి వెనుకనున్న జనసమూహం కనిపిస్తుంది. ఇటువంటి చిత్రాలు నేడు ప్రదర్శనశాల గోడ దిగి, నూలు టీ షర్టులపైకి చేరాయి.

పందెంలో గెలుపు ఒక్కనిది. ఖరగ్‌పూర్‌లో చెమటకు తడిసిన నూలు చొక్కాతో పనికి సాగే సైకిలు వెనుక ఒక కుటుంబపు కూడు ఉంది. ఆ ఒక్క ముఖంలోనుండి చూడగలిగితే, శతాబ్దానికి పైగా ఇక్కడ శ్రమించిన వేలాది మంది కనిపిస్తారు.