తంగేడు నుంచి గంగరావి దాకా

కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర వచ్చి కలిసిన చోట గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. అక్కణ్ణుంచి చెలకల గట్ల మీద, రోడ్ల పక్కన, రాళ్ల సందుల్లో ఎక్కడ చూసినా తంగేడే. ఎవరూ నాటింది కాదు. పశువులు ఆకు ముట్టవు కాబట్టి కంచె లేకుండానే బతికేస్తుంది. ఒకప్పుడు తోళ్లు పదును చేసేవాళ్లకు దీని చెక్కే ఆధారం.

పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. ఐదు పసుపు రెక్కలు, పది కేసరాలు. కేసరాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. తేనె చుక్కయినా ఉండదు. పుప్పొడి కేసరాల కొసన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచే రావాలి. అందుకే నల్ల తుమ్మెద పువ్వును కావలించుకుని, రెక్కలు ముడిచి, ఒళ్లంతా ఝుమ్మని వణికిస్తుంది. ఆ అదురుకు పొడి రాలుతుంది. కొంత తుమ్మెదకు తిండి, మిగతాది దాని ఒంటికి అంటుకుని పక్క పువ్వుకు చేరుతుంది.

పెత్రమాస వచ్చిందంటే ఈ పువ్వు బతుకమ్మలో గునుగుకూ బంతికీ తోడవుతుంది. 2014లో దీన్ని రాష్ట్ర పుష్పం చేశారు. హైదరాబాదులో మాత్రం కట్టల లెక్కన కొనుక్కోవాల్సిందే. ఊరవతల ఊరికే పూసేదానికి బేరమాడటం నాకెప్పుడూ వింతే.

అదే రంగు పేరున్న పసుపు చేలు ఆర్మూరు, బాల్కొండ వైపు ఉంటాయి. ఆ మొక్క తన రంగంతా మట్టి కిందే దాచుకుంటుంది. పైన పూసే పువ్వు వెలిసిన గుడ్డలా ఉంటుంది.

కాళేశ్వరంలో ప్రాణహిత కలిశాక నది అడవిలో పడుతుంది. ఏటూరునాగారం, భద్రాచలం దారిలో ఎండలు ముదిరేనాటికి రేల చెట్లు ఆకు రాల్చి, కొమ్మకొమ్మకూ బంగారు గుత్తులు వేలాడేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లనివాళ్లకు ఏడాదంతా కనిపించేది మూరెడు పొడుగు నల్లటి కాయలే. వాటి గుజ్జు విరేచనానికి పాత మందు.

రేల కంటే ముందు, మాఘ ఫాల్గుణాల్లో కొండగోగు పూస్తుంది. ఒక్క ఆకు లేని మోడు మీద అరచేతంత పసుపు పువ్వు, నడుమ కేసరాల కుచ్చు. కొండవాలుల్లో గిరిజనులు దీని బంక ఏరి అమ్ముకుంటారు. కాయ పగిలితే లోపల పట్టులాంటి దూది. పాపికొండల్లో లాంచీ ఎక్కినవాళ్లు కొండలనే చూస్తారు. దీనివైపు తల తిప్పేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట దాటాక పూల పసుపుకు ధర పలుకుతుంది. కడియపులంక పూల మార్కెట్లో బంతి, చామంతి కిలోల లెక్కన తూగుతాయి. బంతి మెక్సికో నుంచి వచ్చిందంటే మన గుమ్మాలు నమ్మవు. ఒక్క బంతిని గిల్లి విడదీస్తే, రెక్క అనుకున్న ప్రతిదీ విడి పువ్వే, మొదట్లో గింజ కాబోయే సన్నటి పుల్లతో సహా. రైతుకు పండగ నాటి రేటు ముఖ్యం. ఆ రెండు రోజులు దాటితే గంపెడు పూలు గట్టు మీద పారబోసినా అడిగే దిక్కుండదు. వెల కట్టగానే పువ్వుకూ గడువు పడుతుంది. ఊరవతల ఊరికే పూసే తంగేడుకు ఆ బెంగ లేదు.

కోనసీమ దొడ్లలో గుమ్మడి పూలదీ పసుపే, కానీ అవి మధ్యాహ్నానికే ముడుచుకుంటాయి.

వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అంతర్వేది వైపు, తీరం ఊళ్లలో గంగరావి ఉంటుంది. పొద్దున్న లేత పసుపు, గొంతులో ముదురెరుపు మచ్చ. వాడేనాటికి పువ్వంతా ఎర్రబారుతుంది. కర్ర గట్టిది, పనిముట్లకూ పడవలకూ పనికొస్తుంది. ఇది మళ్లీ ఎవరూ వెల కట్టని పసుపే. దీనికి నర్సరీతో పని లేదు. కాయలు ఉప్పునీళ్ల మీద తేలుకుంటూ పోయి ఏ ఒడ్డున పడితే ఆ ఒడ్డున మొలుస్తాయి.