నౌబాద్ సొరంగ బావి వెంట

బీడ్ జిల్లా కొండల్లో పుట్టిన మంజీర లాతూరు దాటి బీదర్ జిల్లాలోకి వస్తుంది. కారంజాను కలుపుకొని మన సింగూరు వైపు సాగిపోతుంది. బీదర్ పట్నం మాత్రం నది ఒడ్డున లేదు, ఎర్రరాతి పీఠభూమి మీద ఉంది. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గా నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. అంత జనానికీ సైన్యానికీ నీళ్లెక్కడివి? అది తెలుసుకోవాలనే మంజీరను వదిలి బీదర్ శివారులోని నౌబాద్ దారి పట్టాను.

అక్కడ నీటి దారి నేల కింద ఉంది. సురంగ బావి అంటారు. పర్షియా నుంచి వచ్చిన కరేజ్ విద్య అది. మెరకన తల్లి బావి తవ్వి, అక్కడి నుంచి రెండు కిలోమీటర్లకు పైగా వాలుగా సొరంగం తొలిచారు. మోట అక్కర్లేదు, నీరు తనంత తానే దిగుతుంది. గాలికీ, పూడిక తీయడానికీ పైనుంచి నిలువు గుంతలు పెట్టారు. ఒకదాని అంచున వంగి చూశాను. ఎర్రటి గోడల మీద ఉలి గాట్లు ఇంకా కొట్టొచ్చినట్టున్నాయి. అడుగున ప్లాస్టిక్ సంచులు, ఇటుక ముక్కలు, ఎవరో కూల్చిన ఇంటి మట్టి. కొన్ని గుంతలైతే కట్టడాల కిందికే పోయాయి.

ఈ లాటరైట్ రాయి నిండా రంధ్రాలే. వాన నీరు ఇంకి, కింది నల్లరాయి మీద ఆగి, పీఠభూమి అంచుల్లో ఊటలై బయటపడుతుంది. తెలంగాణ భక్తులు గుండెలోతు నీళ్లలో నడిచి దర్శించుకునే ఝరణీ నరసింహస్వామి గుహ, సిక్కుల గురుద్వారా నానక్ ఝీరా, ఈ సొరంగం, అన్నిటికీ ఆ ఊటే ఆధారం.

2011 నాటికే పట్నం జనాభా రెండు లక్షలు దాటింది. చుట్టూ పొలాలు ప్లాట్లయ్యాయి. సిమెంటు పరిచిన నేలలోకి వాన ఇంకదు. మురుగు మాత్రం అవే రంధ్రాల్లోంచి దిగుతుంది. 2014లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ బీదర్ చారిత్రక నగరాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాత సొరంగం పూడిక తీశారు. మంచి పనే. కానీ పైన నేలను అమ్ముకుంటూ కింద పూడిక తీస్తే ఏం లాభం? ఇంకేది పైనుంచే కదా!

బీదర్ అధికారులకు ఒక్కటే విన్నపం. కొత్త లేఅవుట్‌కు సంతకం పెట్టే ముందు సొరంగం దారినీ, దానికి నీరిచ్చే మెరకనూ పటం మీద గుర్తించండి. ఆ గీతల లోపల ఒక్క ప్లాటు కూడా అమ్మనివ్వకండి.