కోయంబత్తూరులో ఎనిమిది దినములు

మన యిండ్లలో ఇడ్లీపిండి రుబ్బు గ్రైండరునకు అడుగుభాగమున నంటించిన చిన్న రేకుపై కోయంబత్తూరు పేరుండుట సోదరీమణులలో ననేకులు చూచియే యుందురు. నేనును ఇరువదియేండ్లుగా ఆ రేకును తుడుచుచుంటినే గాని, ఆ యూరెట్టిదో, అచ్చటివారెట్టివారో తెలిసికొనవలెనను తలంపు నాకెన్నడును కలుగలేదు. మొన్న మాఘమాసమున ఆ యూరికి పోవలసివచ్చినది. వినోదయాత్రకు గాదు, రాయబారమునకు.

మా అక్క కూతురును, ఆమె భర్తయు బెంగుళూరులో చక్కని జీతములు వచ్చు కొలువులు మాని, రెండేండ్లక్రిందట కోయంబత్తూరు చేరి చిన్న సాఫ్టువేరు కంపెనీ పెట్టుకొనిరి. ఈ కాలమున దీనిని స్టార్టప్ అందురు. అల్లుడు ఇంజనీరింగు చదివినది ఆ యూరనే. మా అక్కకు ఈ సంగతి మొదటినుండియు మింగుడుపడలేదు. "పల్లెనుండి పట్నము పోయి బాగుపడినవారిని చూచితిని గాని, పెద్దపట్నము విడిచి చిన్న యూరికి పోయి బాగుపడినవారిని నేనెరుగనే" అని ఆమె వాదము. దానిపై, పిల్ల తన పెండ్లినాటి నగలను బ్యాంకులో కుదువబెట్టి ఆ సొమ్ము కంపెనీలో పెట్టినదని సంక్రాంతికి తెలిసినది. అక్క రెండు దినములు సరిగా అన్నము తినలేదు. "నా మాట వినదు, నీ మాట వినును. పోయి దానిని తీసికొని రా" అని నన్ను బండి యెక్కించినది.

గుంటూరులో సాయంకాలము కేరళము పోవు బండి యెక్కితిని. ఈరోడు దాటిన పిమ్మట తెల్లవారినది. తిరుప్పూరు విడిచిన కొంతసేపటికి పడమట నీలపు కొండలు కనబడినవి. ఆ కొండలకు పాలఘాటువద్ద పెద్ద గండి యున్నది. ఆ గండినుండి వచ్చు గాలిచేత ఈ యూరు మన గుంటూరువలె మాడిపోదు. శిరువాణి నీళ్ళ తీపినిగూర్చి అల్లుడు స్టేషనులోనే చెప్పనారంభించెను. త్రాగి చూచితిని, పొగడ్త అబద్ధము గాదు.

చిన్న యూరన్నది మా అక్క మాట. 2011 జనాభా లెక్కలనాటికే పదిలక్షలు దాటిన నగరమిది. బెంగుళూరు, చెన్నపట్నముల ప్రక్కన నిలువబెట్టినపుడే చిన్నది. చుట్టును నల్లరేగడి, ప్రత్తి పండు నేల. 1888లో ఇచ్చట మొదటి నూలుమిల్లు వెలసినది. 1932లో నీలగిరులలోని పైకారానుండి విద్యుచ్ఛక్తి వచ్చుటతో మిల్లులు వరుసగా లేచినవి. మిల్లున్నచోట చెడిన యంత్రమును బాగుచేయువాడుండవలె. బాగుచేయువాడు కొన్నాళ్ళకు తానే యంత్రము చేయును. 1937లో జి. డి. నాయుడుగారును, డి. బాలసుందరము నాయుడుగారును కలసి విద్యుత్తు మోటారును ఇచ్చటనే తయారుచేసిరి. మన దేశమున తయారైన మొదటి మోటారు అదియే యందురు. 1955లో సభాపతి యనువారు మన రుబ్బురోటికి మోటారు తగిలించిరి. పొలములోని నీటిపంపును, వంటయింటి గ్రైండరును ఈ లెక్కన ఒక తల్లి బిడ్డలు. ఎందరు స్త్రీల భుజముల నొప్పి ఆ సభాపతిగారు తీర్చిరో ఎవరైన లెక్కవ్రాసిన బాగుండును.

జి. డి. నాయుడుగారు (1893–1974) తెలుగు మాటాడు కుటుంబములో కలంగల్ అను పల్లెయందు పుట్టినవారు. హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక దొరయొద్ద మోటారుసైకిలు కొని, దానిని విప్పి మరల బిగించి యంత్రవిద్య నేర్చుకొనిరి. 1920లో పొల్లాచ్చికిని, పళనికిని నడుమ ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడిరి. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై తెరచిన పదికిలోమీటర్ల పైవంతెనకు వారి పేరే పెట్టిరి. అల్లుడు నన్ను ఇంటికి తీసికొనిపోయినది ఆ వంతెనమీదుగానే.

వీరి కాపురము, కంపెనీ రెండును పీళమేడులో ఒకే మేడపై నున్నవి. క్రింద ఇంటి యజమానురాలగు పెద్దమ్మగారును, పెరటిలో ఆమె కుమారుని లేతుషెడ్డును. విజయనగరపు రోజులలో దక్షిణమునకు తరలివచ్చిన తెలుగువారమని ఆమె చెప్పుకొనును. ఇంటిలో తెలుగే మాటాడును గాని చదువనేరదు. నా చేతిలోని పత్రిక తీసికొని పుటలు త్రిప్పి, "బొమ్మలు చూస్తానమ్మా, అక్షరమే రాదు" అని నవ్వినది. ఆ నవ్వులో కొంచెము విచారము లేకపోలేదు.

కంపెనీలో మొత్తము తొమ్మిదిమంది. అందు ఐదుగురు ఆడపిల్లలు. వీరు చేయుపని నాకు అర్థమగుటకు రెండు దినములు పట్టినది. ఈ యూరిలో ఒక పంపు ఒకచోట పుట్టదు. ఫౌండ్రీలో పోతపోసిన ముక్క ఒక లేతుషెడ్డుకు పోవును, అచ్చటినుండి రంధ్రములు వేయువానియొద్దకు, పిమ్మట రంగువేయువానియొద్దకు. నూరు ముక్కలు పోయి తొంబదియాఱు తిరిగివచ్చినచో మిగిలిన నాలుగు ఎచ్చట పోయినవి? ఆ నాలుగింటికొఱకు జగడములు, నెలలకొలది నిలిచిపోవు బాకీలు. వీరి సాఫ్టువేరు ఆ లెక్కను ఫోనులో వ్రాసియుంచును. "చాకలిపద్దువంటిదా?" అని నేనడిగితిని. పిల్ల పకపక నవ్వి, "పిన్నీ, ఇకమీదట మా షెడ్లవారికి ఇట్లే చెప్పుదును" అన్నది. షెడ్లవారు పత్రికకు కట్టినట్లు నెలచందా కట్టుదురు.

ఇది తేలికగా కుదిరినది గాదు. మొదటి ఎనిమిది నెలలు బెంగుళూరు అలవాటుచొప్పున ఇంగ్లీషులో నిండైన పట్టికలతో ఒక సాఫ్టువేరు చేసిరట. ఒక్కరును కొనలేదు. చివరకు పెరటిలోని పెద్దమ్మగారి కుమారుడే తన చేతులు చూపి, "ఈ నూనెచేతులతో అక్షరాలు కొట్టమంటారా?" అని యడిగెను. నాటినుండి అంతయు మార్చిరి. ఇప్పుడు తమిళములో నోటితో చెప్పిన చాలును. ముక్కల గంపను ఫోటో తీసిన చాలును. మొదటి చందా ఆ కుమారుడే కట్టెను. ఆయన తన బావమరిదికి చెప్పెను, ఆయన ఫౌండ్రీవానికి. ఇట్లు రెండవయేట నలువది షెడ్లు చేరినవి. బెంగుళూరులో నుండినచో ఆ నూనెచేతులు వీరికి కనబడియుండునా?

ఒక సాయంకాలము నన్ను కొత్తకంపెనీలవారి కూటమికి తీసికొనిపోయిరి. ఇరువదిమంది వచ్చిరి, స్త్రీలు నలుగురే. ఈ నెలలో ఎవరికేమి చెడినదో దాచక చెప్పుకొనుట అచ్చటి ఆచారము. ఒక అబ్బాయి తన కంపెనీ గొప్ప పావుగంట చెప్పెను. వెనుక కూర్చున్న ఒక వృద్ధ ఫౌండ్రీ యజమాని, "అంతా బాగున్నది నాయనా, డబ్బు కట్టుచున్నదెవరు?" అని యడిగెను. అబ్బాయి మెల్లగా కూర్చుండెను. తరువాత ఆ వృద్ధుడే అతనిని ప్రక్కకు పిలిచి తనకు తెలిసిన ఇద్దరి పేర్లు వ్రాసియిచ్చెను. పెద్దపట్నములలో ఇది జరుగదని నేననను. ఇచ్చట మాత్రము ఆ ఇద్దరి ఇండ్లు నడచిపోదగిన దూరములో నున్నవి.

ఈ యూరికి ఇట్టి అలవాటు పాతదే. చిన్న పరిశ్రమలవారి సంఘము కొడీసియా 1969లో ఏర్పడినది. పి. ఎస్. జి. వారి ఇంజనీరింగు కళాశాల 1951 నాటిది. 1998 నుండి వారి ఆధ్వర్యవమున కొత్తకంపెనీలను పెంచు కేంద్రమొకటి నడచుచున్నది. 2011లో శరవణకుమారుగారు స్థాపించిన కోవై డాట్ కో అను సాఫ్టువేరు సంస్థకు లండనులోను, ఇచ్చటను కార్యాలయములున్నవి. పేరులోనే ఊరున్నది, కోవై యనగా కోయంబత్తూరే. బయటివారి పెట్టుబడి లేకయే పెరిగిన ఆ సంస్థ, తన్ను విడువక మూడేండ్లు నిలిచినవారికి ఏటిజీతములో సగము బహుమానమీయ నిర్ణయించి, 2025లో 140 మందికిగాను 14 కోట్ల రూపాయలు ప్రకటించినది. మావాళ్ళ కంపెనీలో అందరినోటను ఆ మాటే.

ఇంత చూచినను నా మనస్సు కుదుటపడలేదు. కష్టములును కంటితో చూచితిని. బాగా అనుభవము గలవారు ఇచ్చట దొరకుట యరుదు. దొరికినవారిని బెంగుళూరు లాగికొనును. పనిలో మిక్కిలి నేర్పరియగు పిల్లకు చెన్నపట్నపు సంబంధము కుదిరి వైశాఖములో పెండ్లి. కుదువబెట్టుటకు యంత్రములు లేవు గనుక బ్యాంకు అప్పీయలేదు, అందుకే నగలు. ఒక పెట్టుబడిదారు డబ్బిత్తునని వచ్చెనట గాని, బెంగుళూరు తరలిరావలెనను నియమము పెట్టెనట. "మా ఖాతాదారులు ఈ వీథిలోనున్నారు పిన్నీ. వీరిని విడిచి అక్కడ ఎవరికొఱకు కూర్చుందుము?" అని పిల్ల యడిగినది. దానికి నాయొద్ద జవాబు లేదు.

అప్పుడు నేను నాకు తెలిసిన ప్రశ్నయే వేసితిని. "నగలు నీవి గదా, కంపెనీలో నీ వాటా యెంత?" పిల్ల తలవంచుకొన్నది. మొదట కాగితములు వ్రాసినపుడు ఆమె యింకను బెంగుళూరు కొలువులో నుండుటచేత, నూటికి ఎనుబది భర్తపేరను, ఇరువది ఆమెపేరను పడినవి. తరువాత నగలు పోయినవి, ఆమె కొలువును పోయినది, పగలనక రాత్రియనక పనిచేయుచున్నది. కాగితము మాత్రము మారలేదు. ఇందు మోసము లేదు, మరపే. కాని మన ఆడవారి సొమ్ము తరచుగా ఈ మరపులోనే పోవుచుండును. నాకు కోపము వచ్చినది. దాచుకొనక అల్లునితోనే అంటిని. అతడు చాలసేపు పలుకక, "చిన్నత్తయ్యగారూ, నాకు తోచనేలేదు" అనెను. మరునాడు ఆడిటరును పిలిపించెను. వాటాల బదిలీపత్రము వ్రాయవలె, స్టాంపులు అంటింపవలె, కంపెనీ సభలో ఆమోదింపవలె. నేను బయలుదేరునాటికి పని సగమే అయినది. పూర్తియైన పిమ్మట నకలు నాకు పంపుమని గట్టిగా చెప్పితిని.

తల్లికి చెప్పక నగలు కుదువబెట్టినందుకు పిల్లను మందలించుటయు మానలేదు. ఆమె వడ్డీ లెక్కల పుస్తకము నా ముందుంచినది. ఒక్క నెలయు తప్పలేదు. ఐనను అసలు ఇంకను చాల మిగిలియున్నది.

కడపటినాటి సాయంకాలము అక్కతో ఫోనులో మాటాడితిని. "తీసికొని వచ్చుచున్నావా?" అని యడిగినది. లేదంటిని. నూనెచేతుల సంగతి, వడ్డీపుస్తకము, వాటాల తగవు అన్నియు వరుసగా చెప్పితిని. నగలు ఎప్పుడు విడిపింతురని యడిగినది. అదియు నిజమే చెప్పితిని, ఇంకను రెండేండ్లు పట్టునని. అక్క చాలసేపు మాటాడలేదు. ఫోను తెగినదేమో యనుకొంటిని. తరువాత, ఆ యూరిలో మన ఆవకాయ దొరకునా, లేక తానే జాడీ కట్టించి పంపవలెనా యని యడిగినది.