జీతం చీటీ చిత్తుకాగితం కాదు

మా తమ్ముడు హోసూరు సిప్‌కాట్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడు. అది మూతపడ్డాక తెలిసింది, జీతంలో నెలనెలా పట్టుకున్న ఈ.ఎస్.ఐ. చందాను యజమాని చివరి ఏడాది కట్టనే లేదని. ఇంట్లో ఇద్దరు పిల్లలు. "ఇంక నాకు నిరుద్యోగ భృతి రాదులే అక్కా" అని దిగులుపడ్డాడు.

2018లో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన నియమాల్లో, చందా యజమాని కట్టినదైనా, కట్టవలసినదైనా సరే అని ఉంది. ఆ రెండో మాటే కార్మికుడికి అండ. యజమాని ఎగ్గొడితే కార్పొరేషనే కార్మికుడికి చెల్లించి, ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు 1948 నాటి ఈ.ఎస్.ఐ. చట్టం 68వ సెక్షన్‌లోనే కల్పించారు.

కానీ పనిచేసినట్టు రుజువు కావాలి కదా! కృష్ణగిరిలో అమ్మ ట్రంకుపెట్టెలో దాచిన జీతం చీటీలే అర్జీకి జతచేశాం. మీ పిల్లలకూ చెప్పండి, చీటీలు పారేయవద్దని.